చర్చను బతికించిన కరెంటు కోత

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ చదువుల పేజీలో, పిల్లలతో ఆన్‌లైన్ చర్చా బృందాలు ఎలా నడపాలో చెబుతూ వచ్చిన వ్యాసం చదివాను. ఏ యాప్‌లో ఎంతమందిని చేర్చుకోవచ్చు, ఎంత పెద్ద ఫైలు పంపుకోవచ్చు, ఏది ఉచితం అంటూ పట్టిక కూడా వేశారు. పనికొచ్చేదే, కత్తిరించి దాచుకున్నాను. కానీ అలాంటి బృందాన్ని నాలుగేళ్ళు నడిపి, మొదటి రెండు నెలలూ నా చేతులతో నేనే దాని గొంతు నొక్కి, తర్వాత అనుకోకుండా బతికించుకున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ పట్టికలో లేని గడి ఒకటుంది. టీచరు ఎంతసేపు నోరు మూసుకుని ఉండాలి అన్నది.

నేను కనిగిరి పక్క పల్లెలో జెడ్పీ హైస్కూల్లో భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా చేసి, 62 ఏళ్ళు నిండి 2024లో రిటైరయ్యాను. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ యేడు పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. దూరదర్శన్ సప్తగిరి ఛానెల్లో పాఠాలు వచ్చేవి, బాగానే చెప్పేవాళ్ళు. అయితే టీవీని ఎవరూ మధ్యలో ఆపి ప్రశ్న అడగలేరు గదా. ఆ జూలైలో కొత్త పదో తరగతి పిల్లల కోసం ఫోన్లో గ్రూపు పెట్టాను. తరగతిలో 43 మంది. ఇంట్లో స్మార్టుఫోను ఉన్నవాళ్ళు 27 మంది. మిగతా 16 మంది సంగతి తర్వాత చెబుతాను.

మొదటి రెండు నెలలు ఆ గ్రూపు తెరిస్తే మా బడి నోటీసు బోర్డే గుర్తొచ్చేది. నేను హోంవర్కు ఫొటో పెట్టేదాన్ని. కింద 27 సార్లు ‘ఓకే మేడమ్’. పొద్దున్నే సూర్యోదయం, గులాబీ పువ్వు, దేవుడి బొమ్మలు. వారానికోసారి నేను ‘ఎవరికైనా డౌట్లు ఉంటే అడగండి’ అని రాసేదాన్ని. ఒక్కరూ అడగలేదు. ఎందుకడుగుతారు? ముప్పయ్యేళ్ళ నుంచీ తరగతి గదిలో ‘డౌట్లున్నాయా?’ అంటే ‘లేవు మేడమ్’ అని కోరస్ పాడించి అలవాటు చేసింది మేమే. మన బళ్ళలో డౌటు అడగడమంటే పాఠం వినలేదని ఒప్పుకోవడం. గదిలో ఆ మాట 40 మంది విని మర్చిపోతారు. ఫోన్లో అయితే పేరుతో సహా అక్కడే పడి ఉంటుంది. వాళ్ళ నాన్న కూడా చదువుతాడు, ఎందుకంటే ఫోను నాన్నది.

ఆగస్టు చివర్లో ఉష్ణం పాఠం వచ్చింది. బాష్పీభవనం అంటే ఏమిటి అని అడిగితే పుస్తకంలో నిర్వచనం ఫొటో తీసి పెడతారని తెలుసు. అందుకని ఒక సాయంత్రం ఆరింటికి ఇలా రాశాను: ‘మీ ఇంట్లో కుండలో నీళ్ళు చల్లగా ఉంటున్నాయా? ఉంటే ఎందుకు? లేకపోతే ఎందుకు?’ పన్నెండు నిమిషాలకు తరగతి ఫస్టు కుర్రాడు జవాబిచ్చాడు. ‘బాష్పీభవనం వలన మేడమ్. నీరు ఆవిరి అగుటకు కావలసిన ఉష్ణమును కుండలోని నీటి నుండి గ్రహించును.’ గైడులో ఉన్నది ఉన్నట్టు. నేను ‘వెరీ గుడ్’ అని టైపు చేయబోతున్నాను. కరెంటు పోయింది. ఫోన్లో ఛార్జింగు 2 శాతం ఉండె, అది కూడా పోయింది. ఆ రాత్రి కరెంటు రాలేదు. మా పడమటి పల్లెల్లో గాలి గట్టిగా వీస్తే అంతే.

పొద్దున ఫోను పెట్టి చూస్తే 41 మెసేజ్‌లు. గుడ్ మార్నింగులు కావు. ‘మేడమ్ ఏమీ అనలేదంటే ఆ జవాబు తప్పేమో’ అన్న అనుమానంతో మొదలైంది కథ. ఒకడు అన్నాడు: ‘స్టీలు బిందెలో నీళ్ళు కూడా ఆవిరైతాయి గదా, మరి అవెందుకు చల్లబడవు?’ ఇంకొకడు: ‘మట్టికి చలవ గుణం ఉంది, మా అవ్వ చెప్పింది.’ దానికి ఒక పిల్ల: ‘అట్లయితే ఖాళీ కుండ ఎండలో పెడితే చల్లగా ఉండాలి. మా పెరట్లో ఉన్నది ముట్టుకుంటే కాలుతోంది.’ చలవకూ చల్లదనానికీ తేడా మీద పది మెసేజ్‌లు నడిచాయి. మజ్జిగ వెచ్చగా ఉన్నా చలవే, ఐస్‌క్రీం చల్లగా ఉన్నా వేడి చేస్తుందంటారు, మరి కుండది ఏ చలవ అని. ముప్పయ్యేళ్ళలో ఈ తేడా నేను తరగతిలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు తట్టలేదు.

రాత్రి 9.40కి ఒక వాయిస్ మెసేజ్ ఉంది. తరగతిలో మూడో బెంచీ మూల కూర్చునే అమ్మాయి. రోల్‌కాల్‌కు తప్ప ఆ పిల్ల గొంతు నేను విన్న గుర్తు లేదు. వాళ్ళ నాన్న చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనికి పోతాడు, రాత్రి ఇంటికొచ్చాకే ఫోను చేతికొచ్చేది. ఆ పిల్ల అంటుంది: ‘మా కుండ పోయిన్యాడుది మేడమ్. ఇప్పుడు చల్లబడటంలేదు. మా యమ్మ పాత కుండ పనికిరాదంటది. దానికి బయట తెల్లగా పొర కట్టింది, గీకితే పొడి రాలతంది. కొత్త కుండకి ఆ పొర ల్యా.’ నలభై సెకన్ల మాట అది. కుండ గోడలోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు బయటికి చెమర్చి ఆవిరవుతుంది, ఆ రంధ్రాలు పూడుకుపోతే ఆవిరి ఆగిపోతుంది, చల్లదనం ఆగిపోతుంది. సూత్రం చెప్పిన ఫస్టు కుర్రాడి జవాబులో లేనిది ఈ పిల్ల కుండ మీద కనిపించింది. ఆ తర్వాత మెసేజ్‌లన్నీ ఆ తెల్ల పొర చుట్టూనే తిరిగాయి. ‘అది ఫ్లోరైడ్’ అని ఒకడు తేల్చేశాడు. మా వైపు నీళ్ళ సంగతి మీ పత్రిక ఎన్నోసార్లు రాసింది, పిల్లలకు ఆ పేరు బాగా తెలుసు.

నేను ఆరుంబావుకు ‘వెరీ గుడ్’ అని పెట్టి ఉంటే ఏమయ్యేది? ‘ఓకే మేడమ్’లు 26. ఆ పిల్ల రాత్రి 9.40కి ఫోను తీసి, చర్చ అయిపోయిందని చూసి, మూసేసేది. ఆమె చెప్పగలిగింది ఎవరికీ తెలిసేది కాదు. ఆమెకు చెప్పగలిగినది ఉందని నాకూ తెలిసేది కాదు.

అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను. ప్రశ్న వేశాక 24 గంటలు గ్రూపులో నేను ఒక్క అక్షరం రాయను. బొటనవేలు గుర్తు కూడా పెట్టను. ఆ గుర్తు కనబడితే చాలు, పిల్లలు సరైన జవాబు దొరికిందని తీర్మానించుకుని పడుకుంటారు. ఆన్‌లైన్ చర్చ గొప్పదనం అంతా ఎవరి వేళకు వాళ్ళు రావచ్చన్నదే కదా. సాయంత్రం ఆరింటికి ఫోను దొరికేవాడు, రాత్రి పదింటికి దొరికేది, పొద్దున పాలకేంద్రం నుంచి వచ్చాక చూసేవాడు, వీళ్ళందరూ ఒక చుట్టు తిరిగి రావాలంటే ఒక రోజు పడుతుంది. టీచరు అరగంటలో జవాబు చెబితే ఆ వీలంతా వృథా. అప్పుడది ఫోనున్న నలుగురి ట్యూషను.

అయితే మొత్తానికి మాయమైపోతే కూడా చెడుతుంది. అక్టోబరులో మా ఇంట్లో జ్వరాలు వచ్చి నాలుగు రోజులు గ్రూపు చూడలేదు. ఐదో రోజుకు మళ్ళీ గులాబీ పువ్వులు మొదలయ్యాయి. ఎవరూ చదవని చోట ఎవరు మాత్రం రాస్తారు? కాబట్టి రెండో నియమం: మర్నాడు రాత్రి ఎనిమిదింటికి నేను తప్పకుండా వస్తాను, వచ్చి ‘ముగింపు’ అని శీర్షిక పెట్టి రాస్తాను. ఎవరు ఏమన్నారో పేరుతో. కుండ చర్చకు రాసిన ముగింపు నా నోట్సులో ఇంకా ఉంది. స్టీలు బిందె ప్రశ్న అడిగినవాడికి: నీరు పైభాగం నుంచి మాత్రమే ఆవిరవుతుంది, కుండకైతే ఒళ్ళంతా చెమటే. అవ్వ మాట తెచ్చినవాడికి: చలవ అనేది ఒంటికి చేసే మేలు గురించి పెద్దలు వాడే మాట, మనం ఇక్కడ కొలుస్తున్నది ఉష్ణోగ్రత, కానీ నువ్వు ఆ మాట తేకపోతే ఎండలో ఖాళీ కుండను ఎవరూ ముట్టుకుని చూసేవాళ్ళు కాదు. తెల్ల పొర ఫ్లోరైడ్ అన్నవాడికి: ఫ్లోరైడ్ నీళ్ళలో కరిగి ఉంటుంది, కంటికి కనబడదు, రుచికి తెలియదు, నువ్వు చూసే పొర ఎక్కువగా మన బోరు నీటి కాఠిన్యానికి కారణమైన కాల్షియం లవణాలు. తప్పు చెప్పినవాళ్ళ పేర్లు కూడా ముగింపులో వచ్చేవి, వాళ్ళ తప్పు చర్చను ఎటు తిప్పిందో చెబుతూ. మూడు నెలలు గడిచేసరికి పిల్లలు ముగింపులో తమ పేరుందా అని వెతుక్కునేవాళ్ళు, మార్కుల కోసం వెతుక్కున్నట్టు.

ఆ చర్చ అక్కడితో ఆగలేదు. ఇద్దరు పిల్లలు ఒక కుండకు చుట్టూ పాలిథిన్ కవరు బిగించి కట్టి, ఇంకో కుండను మామూలుగా పెట్టి, పొద్దున రెండింట్లో నీళ్ళు తాగి చూశారు. కవరు కట్టిన కుండలో నీళ్ళు బక్కెట్లో నీళ్ళలాగే ఉన్నాయి. నాలుకతో కాదు, కొలవాలన్నాను. కరోనా రోజులు గదా, ఒకడింట్లో డిజిటల్ థర్మామీటరు ఉంది. కుండలో ముంచి ఫొటో పెట్టాడు. ‘ఎల్ఓ అని వస్తాంది మేడమ్, చెడిపోయిందా?’ జ్వరం చూసే థర్మామీటరు అంత తక్కువ వేడిని చూపించదని చెప్పడానికి నా వేలు దురదపెట్టింది. 24 గంటలు ఆపుకున్నాను. మర్నాటికి వాళ్ళే కనుక్కున్నారు: చంకలో పెడితే 36 దాటి చూపిస్తోంది, అంటే చెడిపోలేదు, కుండ నీళ్ళు దాని లెక్కలోకి రావటంలేదు. ఇక అన్నిటికంటే పదునైన ప్రశ్న ఆ వారం చివర్లో వచ్చింది. ‘పుస్తకంలో ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కెలోరీలు అని ఉంది. అది మరిగేటప్పుడు లెక్క గదా మేడమ్. మన కుండ మరగటంలేదు గదా?’ నిజమే. 540 అన్నది 100 డిగ్రీల దగ్గర. గది వేడి దగ్గర ఆవిరి కావడానికి ఇంకా ఎక్కువ, సుమారు 580 కెలోరీలు కావాలి. ఈ సంగతి చెప్పడానికి నేను నా పాత డిగ్రీ పుస్తకం వెతుక్కోవలసి వచ్చింది. ఆ ప్రశ్న అడిగింది ఫస్టు కుర్రాడే. గైడు వాక్యం అప్పజెప్పిన పిల్లాడు పది రోజుల్లో పుస్తకాన్ని నిలదీసేదాకా వచ్చాడు.

ఇప్పుడు ఆ 16 మంది సంగతి. గ్రూపులో వేసిన ప్రశ్నను ఫోను ఉన్న పిల్ల పక్కింటి ఫోను లేని పిల్లకు చెప్పాలి, ఆమె చీటీ మీద జవాబు రాస్తే ఫొటో తీసి పెట్టాలి. బడులు తెరిచాక ఇంకో పని చేశాం. ప్రతివారం ఒకరు గుమస్తా. ఆ వారం చర్చను తెల్లకాగితం మీద రాసి తరగతి గోడకు అంటించాలి. ఈ గుమస్తా పని ఎక్కువగా ఫోను లేనివాళ్ళకే ఇచ్చాను. వాళ్ళు స్నేహితుల ఫోనులో మొత్తం చదివితే తప్ప రాయలేరు కదా. ఫోనులో పైకి పోయిన మెసేజ్‌ను మళ్ళీ ఎవరూ చూడరు. గోడ మీద కాగితం యేడాదంతా ఉంటుంది. పరీక్షల ముందు పిల్లలు ఆ గోడ దగ్గర నిలబడి చదవడం చూశాను.

రాసే భాష విషయంలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ‘తెలుగు లిపిలోనే రాయాలి’ అని ఆజ్ఞ వేశాను. వారం రోజులు గ్రూపు శ్మశానం. తెలుగు కీబోర్డు చాలామంది ఫోనుల్లో లేదు, ఉన్నా నాన్న ఫోనులో సెట్టింగులు మార్చే ధైర్యం పిల్లలకు లేదు. ఆజ్ఞ ఎత్తేశాను. గుమస్తా కాగితం మాత్రం మంచి తెలుగులో ఉండాలన్నాను. మాట్లాడేటప్పుడు ఎలాగైనా మాట్లాడనీ, రాతలోకి ఎక్కించేటప్పుడు దిద్దుకుందాం. తెలుగు పండితులు గారు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఆడపిల్లల సంగతి దీనికంటే కష్టం. మేం మొదట వాడిన యాప్‌లో గ్రూపులో చేరితే అందరి నంబర్లూ అందరికీ కనబడేవి. ఒక అబ్బాయి ఒక అమ్మాయి నంబరు దాచుకుని రాత్రిపూట ఫోన్లు చేశాడు. వాళ్ళ నాన్న బడికొచ్చి, నాతో ఒక్క మాట గట్టిగా అనకుండా, ‘మా పాపను దాంట్లోంచి తీసెయ్యండమ్మా’ అన్నాడు. ఆయనది తప్పనలేను, తప్పు నాది. అడ్మిన్‌ను నేను. నంబరు కనబడకుండా పెట్టుకునే వీలున్న యాప్‌కు మారాం. మారినా ఆ పిల్ల తిరిగి రాలేదు. మీ పట్టికలో ఫైలు ఎంత పెద్దది పంపవచ్చు అనే గడికి ముందు ఈ గడి ఉండాల్సింది.

పేరు చెప్పి అడగడానికి సిగ్గుపడేవాళ్ళ కోసం ఇంకో దారి పెట్టాను. ప్రశ్న నాకు విడిగా పంపితే, ‘ఒకరు అడిగారు’ అని నేను గ్రూపులో పెడతాను. ఈ ఉపాయం నా సొంతం కాదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో బాగా వాడే పియాజా అనే చర్చా వేదికను పెట్టింది మన దేశపు అమ్మాయే, పూజా శంకర్. కాన్పూర్ ఐఐటీలో కంప్యూటర్ సైన్స్ చదివేటప్పుడు తరగతిలో అమ్మాయిలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మగపిల్లలు ఒకరినొకరు అడిగి తెలుసుకుంటుంటే, తాను అడగడానికి మొహమాటపడి ఒంటరిగా లెక్కలతో కుస్తీ పట్టానని ఆమె చెప్పుకున్నారు. అందుకే ఆ వేదికలో తోటి విద్యార్థులకు పేరు తెలియకుండా ప్రశ్న అడగవచ్చు. ఐఐటీ దాకా వెళ్ళిన అమ్మాయికే ఆ మొహమాటం ఉంటే, మా పల్లెలో మూడో బెంచీ పిల్లకు ఉండదా? ‘ఒకరు అడిగారు’ అని నేను పెట్టిన ప్రశ్నల్లో ఎక్కువ ఆడపిల్లలవే. రెండో యేడు మధ్యకొచ్చేసరికి కొందరు ‘ఆ ఒకరు నేనే’ అని వాళ్ళంతట వాళ్ళే చెప్పుకున్నారు.

పియాజా సంగతి నాకు చెప్పింది మా చెల్లెలి కొడుకు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూనే అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఆన్‌లైన్ ఎంఎస్ చదివాడు. 2014లో మొదలైన ఆ కోర్సులో వేలమంది ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోకుండానే చదువుతారు. తరగతి గది లేదు, క్యాంటీన్ లేదు, చర్చా వేదికే అన్నీ. అక్కడ అశోక్ గోయల్ అనే ప్రొఫెసర్ తరగతిలో సుమారు 300 మంది, ఒక్క సెమిస్టరులో దాదాపు 10,000 మెసేజ్‌లు. 2016లో ఆయన జిల్ వాట్సన్ అనే పేరుతో ఒక కంప్యూటర్ ప్రోగ్రామును, వేదికలో విద్యార్థుల ప్రశ్నలకు జవాబులిచ్చే అసిస్టెంట్ల మధ్య కూర్చోబెట్టారట. సెమిస్టరు చివర్లో చెప్పేదాకా అది మనిషి కాదని చాలామంది గుర్తుపట్టలేదు. అందరూ ఈ కథలో యంత్రం తెలివిని చూస్తారు. నాకు నచ్చింది వేరే. దానికి అప్పజెప్పిన ప్రశ్నలు ఎలాంటివంటే, గడువు ఎప్పుడు, ఏ రూపంలో ఫైలు ఇవ్వాలి లాంటివి, ప్రతి సెమిస్టరులో తిరిగి తిరిగి వచ్చేవి. అది కూడా జవాబు మీద 97 శాతం నమ్మకం ఉంటేనే పెట్టాలి. మనసు పెట్టి తేల్చుకోవలసినవి మనుషులకు మిగిలాయి. మా గ్రూపులో కూడా ‘రేపు బడి ఉందా మేడమ్’, ‘ఎఫ్ఏ పరీక్ష ఎప్పుడు మేడమ్’ లాంటివాటి కింద కుండ మునిగిపోయేది. వాటికి వేరే గ్రూపు పెట్టి, క్లాసు లీడరుకు అప్పజెప్పాను. చర్చ గ్రూపులో వారానికి రెండే ప్రశ్నలు. ఈ చిన్న మార్పు చేసిన మేలు అంతా ఇంతా కాదు.

ఇప్పుడు నా స్థానంలో పాఠం చెబుతున్న అమ్మాయి ఫోను చేసి వాపోయింది. పిల్లలు ప్రశ్నను ఏఐలో వేసి, వచ్చిన జవాబును అతికిస్తున్నారట, అచ్చుతప్పు లేకుండా. మా రోజుల్లో గైడు చేసిన పనే అది, వేగంగా చేస్తోంది. నేను చెప్పింది ఒకటే. ‘కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి’ అని అడిగితే ఏఐ చెబుతుంది. ‘మీ ఇంట్లో కుండ ఎన్నేళ్ళది, మీ అమ్మ దాన్ని ఎప్పుడు మారుస్తుంది, ఎందుకు’ అని అడిగితే వాళ్ళమ్మను అడగాల్సిందే. దాని తర్వాత ఏఐ చెప్పింది తెచ్చి పక్కన పెట్టినా నష్టం లేదు, ఏది ఎవరింట్లో నిజమో తేల్చుకోవచ్చు.

అన్ని పాఠాలకూ ఇది కుదురుతుందని అనడం లేదు. దర్పణ సూత్రం లెక్కలు పెట్టి చూశాను. ఒకడు జవాబు పెడితే మిగతావాళ్ళు దాన్నే దింపుకున్నారు. లెక్కకు ఒకే జవాబు, అది వచ్చేశాక మాట్లాడేందుకేముంది? ఆవర్తన పట్టిక కూడా అంతే, దాన్ని కూర్చుని చదవాల్సిందే. అదే ‘స్టీలు గరిటెకు రెండు వైపులా మీ ముఖం ఎలా కనబడింది, దగ్గరికి తెస్తే ఏమైంది’ అన్నప్పుడు మాత్రం 60 మెసేజ్‌లు. ఇంకో దెబ్బ కూడా తిన్నాను. మా చర్చలు బాగున్నాయని విని, చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో నాలుగు బళ్ళ పిల్లల్ని ఒకే గ్రూపులో కలుపుదామన్నారు. నాకూ గొప్పగానే అనిపించింది. 180 మందిని కలిపాం. పది రోజుల్లో మా పిల్లలు కూడా మాట్లాడటం మానేశారు. ముఖం తెలియనివాళ్ళ ముందు తప్పు చెప్పడానికి ఎవరికైనా భయమే. 27 మంది కుండలు ఒకరికొకరు తెలిసినవి. 180 మందిలో ఎవరి కుండ ఎవరికి కావాలి?

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం, మీ వ్యాసం చివర్లో ఉన్న సలహా. ప్రతి విద్యార్థీ రోజుకు కనీసం ఇన్ని పోస్టులు పెట్టేలా చూడాలని, వాటికి మార్కులు కలపాలని రాశారు. దయచేసి ఆ మాట వెనక్కు తీసుకోండి. టీచర్లమే ఒక ఆన్‌లైన్ శిక్షణలో ఆ పరీక్ష ఎదుర్కొన్నాం. ప్రతి మాడ్యూల్ చివర మన అభిప్రాయం పంచుకోవాలి, లేకపోతే సర్టిఫికెట్ రాదు. ఏం చేశాం? ‘ఈ శిక్షణ చాలా ఉపయోగకరంగా ఉంది, తరగతి గదిలో అమలు చేస్తాను.’ ఎవరో ఒకరు రాసిన ఈ వాక్యం మా మండలమంతా తిరిగింది. నేనూ అతికించాను, దాచుకోవడమెందుకు. పోస్టులు లెక్కపెడితే పోస్టులే వస్తాయి. ఆ తర్వాత ఒక ఆఫీసు నుంచి మా బడికి కూడా ఆదేశం వచ్చింది, రోజూ చర్చ జరిగినట్టు స్క్రీన్‌షాట్లు పంపాలని. పంపాం. ఆ నెలలో స్క్రీన్‌షాట్ల కోసం పెట్టించిన ప్రశ్నలకు వచ్చిన జవాబుల్లో ఒక్కటీ గుమస్తా కాగితానికి ఎక్కలేదు. పాపం వాళ్ళని మాత్రం ఏమంటాం, పైవాళ్ళు అడిగేది కూడా అంకెలే.

మార్కులు ఇవ్వాలనే పట్టుదల ఉంటే, ఎవరి మాటకు ఎవరు తిరిగి మాట్లాడారో చూడండి. ఆ అవ్వ మాటకు ఎండలో ఖాళీ కుండ ఎదురొచ్చింది చూశారా, అది లెక్కపెట్టండి. ఒక పిల్ల వారంలో ఒక్కసారే మాట్లాడి, ఆ నలభై సెకన్ల మాట వారమంతా నడిపితే, ఆమెకు మీ లెక్కలో ఎన్ని మార్కులొస్తాయి?

ఒక మాట ఒప్పుకోవాలి. ఇదంతా టీచరు సమయం తింటుంది. వారానికి రెండు ముగింపులు, ఒక్కోటి రాయడానికి నాకు గంట పైనే పట్టేది. ముందు అన్నీ చదవాలి, వాయిస్ మెసేజ్‌లన్నీ వినాలి, ఎవరి పేరూ మర్చిపోకూడదు. నేను ఒంటరిదాన్ని, పిల్లలు పెద్దవాళ్ళైపోయారు, కాబట్టి కుదిరింది. చంటిబిడ్డ తల్లి అయిన టీచరును రాత్రి ఎనిమిదింటికి ఈ పని చేయమనడం అన్యాయం. గ్రూపులు పెట్టండని ఆదేశించేవాళ్ళు టైంటేబుల్లో వారానికి రెండు పీరియడ్లు దీనికి రాయించాలి. మీ పేజీలో ఈసారి దీని గురించి రాయండి.

నేను డిగ్రీ చదివింది అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, పెళ్ళయ్యాక. 1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. పుస్తకాలు ఇంటికొచ్చేవి. ఆదివారం కాంటాక్ట్ క్లాసులకు బస్సెక్కి ఒంగోలు వెళ్ళేవాళ్ళం. క్లాసులో చెప్పింది సగం బుర్రకెక్కేది కాదు. మధ్యాహ్నం చెట్టు కింద క్యారేజీలు విప్పుకుని ఐదుగురు ఆడవాళ్ళం కూర్చుని, ‘ఇది నీకర్థమైందా?’ అని ఒకరినొకరు అడుక్కుంటూ పాసయ్యాం. లెక్చరరు గారు ఆ చెట్టు కిందికి ఎప్పుడూ రాలేదు. బహుశా కావాలనే రాలేదేమో అని ఇప్పుడనిపిస్తోంది.

దయచేసి నా పేరు వేయవద్దు. పేరు వేస్తే బడి తెలుస్తుంది, బడి తెలిస్తే ఊళ్ళో ఆ తెల్ల పొర కుండ ఎవరిదో, గ్రూపులోంచి వెళ్ళిపోయిన పిల్ల ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
కనిగిరి ప్రాంతం